కొల్లేటి వంటిళ్లు: పొయ్యి కదిలిన ప్రతిసారీ

మండవల్లిలోనో కైకలూరులోనో వంటిల్లు కొత్తగా చేయించుకోవాలనుకున్న ఇంట్లో ఇవాళ మాట బీరువాల దగ్గర మొదలవుతుంది. ఏ చెక్క, ఏ రంగు, చదరపు అడుగుకు ఎంత అని వడ్రంగిని అడుగుతారు. ఖర్చు లక్షలోపు తేలినా పది లక్షలకు తేలినా వరస మాత్రం మారదు. ముందు కప్‌బోర్డులు, తర్వాత గ్రానైటు, ఆపైన గోడకు టైల్సు, ఇంకా ఏమన్నా మిగిలితే పొగ లాగే ఫ్యాను. మురుగు నీళ్లు ఎటు పోవాలన్నది మేస్త్రీ ఇష్టానికి వదిలేస్తారు. ఈ వరస తలకిందులైందని నా అభిప్రాయం. అందుకు ఆధారం ఈ ప్రాంతపు వంటింటి చరిత్రలోనే ఉంది. కొల్లేరు సరస్సు చుట్టుపక్కల వంటిల్లు గత నూట డెబ్బై ఏళ్లలో చాలాసార్లు రూపు మార్చుకుంది. మారిన ప్రతిసారీ దాన్ని కదిలించినవి నిప్పు, నీళ్లు, వండే మనిషి నడుము. డబ్బున్నవాళ్లు గోడలు మార్చారు, కప్పు మార్చారు. వంట చేసేవాళ్ల బతుకును మార్చిన పనులు మాత్రం చాలావరకు తక్కువ ఖర్చులో అయిపోయినవే. ఎంత స్థోమత గలవాళ్లయినా రూపాయి తీసే ముందు ఈ సంగతి తెలుసుకుంటే వాళ్లకు నేరుగా పనికొస్తుంది.

ముందు నేల సంగతి. మండవల్లి 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉండి, జిల్లాల విభజనతో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. గుడివాడ నుంచి భీమవరం వెళ్లే రైలు మార్గం మీద, కృష్ణా తూర్పు డెల్టా కాలువల శివారున, కొల్లేటికి దక్షిణంగా ఉన్న ఊరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసే నీళ్లు కొల్లేట్లో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. నల్లమట్టి, వరి, చేప, పశువు అన్నీ ఉన్న చోటిది. లేనిదల్లా అడవి. అందుకే వంటచెరకు ఇక్కడ ఎప్పుడూ కొరతే. పొలం, పశువు, గట్టు మీది చెట్టు ఏమిస్తే అదే పొయ్యిలోకి వెళ్లింది: పిడకలు, తాటిమట్టలు, కొబ్బరి డొక్కలు, జనపకట్టె, కందికంప. వీటిలో ఏదీ చండ్ర కట్టెలా నిలకడగా మండేది కాదు. తాటిమట్ట భగ్గున లేచి చప్పున ఆరుతుంది. పిడక రాజుకోవడానికి సమయం తీసుకుని పొగ ఎక్కువ ఇస్తుంది. అందువల్ల పొయ్యి దగ్గర ఒక మనిషి కదలకుండా కూర్చుని, ఎగదోస్తూ, ఊదుగొట్టంతో ఊదుతూ ఉండాల్సిందే. వంటింటి రూపాన్ని నిర్ణయించిన మొదటి సంగతి ఈ చవక ఇంధనం. అడవి పక్క ఊళ్ల వంటిళ్లకూ ఈ వంటిళ్లకూ తేడా అక్కడే మొదలైంది.

పొయ్యి ఇంటి ఆడవాళ్ల చేతిపని. చెరువులోంచి తెచ్చిన బంకమన్నులో ఊకో సన్నగా తరిగిన గడ్డో వేసి, కాస్త పేడ కలిపి, కాళ్లతో తొక్కి, ముద్ద పదునుకు వచ్చేదాకా నాననిచ్చేవారు. మూడు గడ్డలు నిలబెట్టి, చుట్టూ కట్టు పోసి, నీడలో ఆరనిచ్చి, పగుళ్లు కనిపిస్తే తడిచేత్తో మెత్తేవారు. గడ్డల మధ్య ఎడం ఎంతుండాలన్నది ఆ ఇంటి ఎసరుకుండ అడుగును బట్టి ఉండేది. పదిమంది తినే ఇంటి పొయ్యి ఇద్దరు తినే ఇంటికి కుదరదు. వారం వారం అలికి ముగ్గు పెట్టడం, వానాకాలం వెళ్లాక మెత్తడం, మరీ పాడైతే పడగొట్టి మళ్లీ వేసుకోవడం మామూలు. పక్కన దాలిగుంటలో పిడకల నిప్పు మీద పాలకుండ పొద్దంతా కాగుతూ ఎర్రటి మీగడ కట్టేది. గమనించాల్సిందేమిటంటే, ఈ వంటింటికి మరమ్మతు ఏటేటా జరిగేది, దానికి రొక్కం అక్కర్లేదు, కొలతలు తీసుకునేది వండే మనిషే. ఆ మూడూ ఒకచోట కుదిరిన కాలం మళ్లీ రాలేదు.

అలాగని ఆ వంటిల్లు సుఖమైనదని నేననడం లేదు. పేదవాళ్ల చుట్టింట్లోనూ, భూస్వాముల మండువా లోగిలిలోనూ పొయ్యి ఒకటే, పొగ ఒకటే. తాటాకు కప్పిన చుట్టిల్లు, నేలదాకా వంగిన చూరుతో తుపాను గాలికి తట్టుకుంటుంది గానీ లోపలి పొగ బయటికి పోవడానికి తలుపు తప్ప దారి లేదు. మండువా ఇంట్లో నాలుగువైపులా వసారాలు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, టేకు స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు ఉంటాయి. అంత ఇంట్లోనూ వంటగది ఒక మూల ఇరుగ్గా, చేతికందని ఎత్తున ఒక చిన్న గవాక్షంతో, గోడలు మసిబారి ఉండేది. డబ్బు వీధి వసారా నుంచి నడవలోకి, నడవలోంచి పడకగదిలోకి వచ్చింది, వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. నా వాదనకు ఇది మొదటి సాక్ష్యం. ఇంటికి ఖర్చు పెరిగినంత మాత్రాన వంటిల్లు బాగుపడుతుందన్న నియమం లేదు.

పొగను ఎందుకు భరించారన్న ప్రశ్నకు అలవాటు అనేది సగం జవాబే. పొగకు పని ఉంది. పొయ్యి పైన వాసాలకూ వెదురుకూ పట్టే మసి పురుగును రానిచ్చేది కాదు. పొగ పట్టిన తాటాకు ఎక్కువ కాలం ఆగేది. పొయ్యికి పైన కట్టిన ఉట్టి మీద విత్తనాలు, ఎండుచేపల బుట్టలు వానాకాలంలోనూ చెమ్మెక్కకుండా నిలిచేవి. కొల్లేటి తేమలో ఇది చిన్న లాభం కాదు. అంటే పొగను ఇంట్లోంచి పంపేయడమంటే కప్పుకు కాపలా తీసేయడం. తాటాకిళ్ల ఊళ్లకు అగ్గిభయం మరొకటి. పడమటి గాడ్పు లేచేలోపే వంట ముగించి నిప్పు ఆర్పేయడం, స్థలం ఉన్నవాళ్లు వంటపాకను ఇంటికి ఎడంగా వేసుకోవడం అందుకే. కప్పు పెంకుకు మారాక, ఆ తర్వాత శ్లాబుకు మారాక, పొగ చేసే మేలు పోయి కీడు ఒక్కటే మిగిలింది. అయినా పొగ వెంటనే పోలేదు. శ్లాబు కింద అదే పొయ్యి పెట్టుకున్న ఇళ్లు తాటాకింటి కంటే అధ్వానం. తాటాకు సందుల్లోంచి ఎంతో కొంత పొగ కారిపోతుంది, కాంక్రీటుకు సందుల్లేవు. కప్పు మార్చినవాళ్లు పొయ్యి సంగతి ఆలోచించకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే తేట ఉదాహరణ నాకు దొరకలేదు.

వంటింటిని తీర్చింది ఇంధనం కాదు, ఆచారం అని ఇక్కడ ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. మడి ఉన్న ఇళ్లలో వంటగది లోపలికి ముడుచుకుందన్నది నిజం. వాస్తు పొయ్యిని ఆగ్నేయ మూలకు తోసిందన్నదీ నిజం. అయితే మడి నిర్ణయించింది లోపలికి ఎవరు రావచ్చన్నదాన్ని. పొయ్యి ఎలా ఉండాలన్నదాన్ని అది ముట్టుకోలేదు. మడి పట్టింపు లేని లంక గ్రామాల్లో చేపలు పట్టి బతికే వడ్డీల ఇళ్లలోనూ నేల పొయ్యే, పిడకలే, అదే పొగ. ఇక ఆగ్నేయం గాలి లెక్క చూసి పెట్టిన మూల అని చాలామంది సమర్థిస్తారు. ఈ నేల మీద ఆ లెక్క సగమే కుదురుతుంది. వానాకాలపు పడమటి, నైరుతి గాలికి ఆ మూల పొగ ఇంటి మీదికి రాదు. ఎండాకాలం సాయంత్రాలు దక్షిణం నుంచి పైరగాలి వీచినప్పుడు మాత్రం ఆ పొగ ఇంట్లోకే వస్తుంది. నమ్మకం ఉన్నవాళ్లు ఆగ్నేయంలోనే పెట్టుకోవచ్చు, అందులో నష్టం లేదు. కిటికీ ఏ గోడకు పెట్టాలన్నది మాత్రం శాస్త్రి మాటతో పాటు ఆ ఇంటి చుట్టూ తిరిగే గాలిని కూడా అడిగి పెట్టాలి.

నీళ్ల చరిత్ర వేరే దారిన నడిచింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కి ముగిసింది. కాలువలు వచ్చాక ఊరి చెరువులు వాటితో నిండాయి, ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకోవడం ఊరి బాధ్యత అయింది. భూమిలో నీరు చాలాచోట్ల ఉప్పన కాబట్టి బావి తవ్వినా తాగడానికి చెరువే గతి. ఆ నీళ్లు ఇంటికి చేరేది బిందెల్లో, కావిళ్లలో. కాలువ నీళ్లలో ఒండ్రు ఎక్కువ. బిందె లోపలి వైపు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోస్తే కాసేపటికి బురద అడుక్కి దిగి పైన తేటనీళ్లు నిలిచేవి. మోసుకొచ్చిన నీళ్లు కాబట్టి వంటింట్లో ఒలకబోసే పనే లేదు. అంట్లు పెరట్లో, చేపలు పెరట్లో, ఆ కడిగిన నీళ్లు అరటి పాదులకు. మట్టితో అలికిన వంటింటి నేల పొడిగా ఉండగలిగింది ఈ ఏర్పాటు వల్లే. నీళ్లూ మురుగూ వంటింట్లోకి రాకుండా పెరడు కాపాడిందన్నమాట. కుళాయి లోపలికి రాగానే ఈ బందోబస్తంతా కూలింది. నేల సిమెంటుదో నాపరాయిదో కావాల్సి వచ్చింది, వాలు కావాల్సి వచ్చింది, తూము కావాల్సి వచ్చింది. కుళాయి వేయించి తూము మరిచినవాళ్ల వంటిళ్లలో గోడ అడుగున చెమ్మ ఎగబాకి సున్నం పెచ్చులూడింది. ఇప్పటికీ ఇంకో సంగతి మారలేదు. మూడు కుళాయిలున్న వంటింట్లోనూ తాగే నీళ్లు 20 లీటర్ల టిన్నుల్లో బయటి నుంచే వస్తున్నాయి. బిందెల అరుగు పోయిన చోట ఆ టిన్నుకు స్థలం ఎవరూ గీయరు. అది నడిచే దారిలో, ఫ్రిజ్ పక్కన, కాలికి అడ్డంగా ఉంటుంది.

రోలూ రోకలీ వెళ్లిపోవడం మరో పెద్ద మార్పు. 20వ శతాబ్దపు తొలి సగంలో ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లులు పెరిగేకొద్దీ ఇంట్లో దంపుళ్లు తగ్గాయి. ధాన్యపు గాదె, కుందెన, చాటల చోటు వేరే పనులకు ఖాళీ అయింది. తీసుకున్న దంపుడు పనికి బదులు మిల్లు ఊరికి కొత్త ఇంధనాన్ని ఇచ్చింది, గుట్టలు గుట్టలుగా ఊక. రంపపు పొట్టుతో, ఊకతో మండే డబ్బా పొయ్యి అలా ఇళ్లలోకి వచ్చింది. పాత రేకు డబ్బాకు అడుగు పక్కన ఒక కన్నం చేసి, నడుమ ఒక గుండ్రటి కర్ర నిలబెట్టి, కన్నంలోంచి మరో కర్ర అడ్డంగా దూర్చి, చుట్టూ పొట్టును గట్టిగా కూరి, రెండు కర్రలనూ నెమ్మదిగా తిప్పుతూ పైకి లాగితే లోపల ఒక సన్నని గొట్టం ఏర్పడుతుంది. కింద అంటిస్తే మంట ఆ గొట్టం వెంట లేచి, లోపలి నుంచి బయటికి నెమ్మదిగా తింటూ, పూట వంటకు సరిపడా మండుతుంది. మధ్యలో ఎగదోసే పని లేదు, ఊదే పని లేదు. ఖర్చు ఒక పాత డబ్బా. తాటిమట్టల పొయ్యి ముందు కట్టేసినట్టు కూర్చున్న మనిషికి లేచి ఇంకో పని చూసుకునే వీలు మొదట ఇచ్చింది ఇదే. వంటింటి బాగు డబ్బుతో కాకుండా ఆలోచనతో వస్తుందనడానికి దీన్ని మించిన ఋజువు అక్కర్లేదు.

అదే ఆలోచనను శాస్త్రంగా నడిపించిన మనిషి తెలుగు నేల మీదే ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజు పొగ గొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం తెచ్చారు. ఒకే మంట మీద ఒకటికి మించిన గిన్నెలు కాగడం, పొగ గొట్టం గుండా కప్పు పైకి పోవడం, అంతా ఊళ్లో దొరికే మట్టితోనే కట్టుకోవడం అందులోని సారం. కోటి ఇళ్లకు అందాలంటే మట్టితోనే సాధ్యమని ఆయన గ్రహించారు. మూడు దశాబ్దాల తర్వాత, 1980లలో, కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. దేశం మొత్తం మీద మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచారు. వాటిలో చాలావరకు కొద్దికాలానికే మూలపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుంటే తీసే ఏర్పాటు లేదు. గొట్టం కప్పును చీల్చుకుని వెళ్లే చోట వాన కారుతుంది, తాటాకైతే నిప్పు భయం. కన్నాల కొలత కార్యాలయంలో నిర్ణయించారు, ఇంట్లో దాక అడుగు ఇంకో కొలత. సొంతంగా మట్టి మెత్తి పొయ్యి వేసుకున్న మనుషులకు ఎవరో చేసిచ్చిన పొయ్యి మరమ్మతు చేతకాలేదని కాదు, అది తమదనిపించలేదు. రాజు ఊహ తప్పు కాదు. కొలత తీసుకునే హక్కును వండే మనిషి చేతిలోంచి తీసేయడం తప్పు.

గ్యాసు రావడంతో పొయ్యి నేల మీద నుంచి గట్టు మీదికి ఎక్కింది. అంతకుముందు కిరసనాయిలు వత్తుల స్టవ్ ఉద్యోగస్థుల ఇళ్లలో ఆ దారి కొంత వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జూలైలో ప్రారంభమైన దీపం పథకం స్వయం సహాయక సంఘాల మహిళలకు డిపాజిట్టు లేకుండా కనెక్షన్ ఇచ్చాక పల్లెల్లోనూ గట్టు మామూలైంది. ఈ ఒక్క మార్పులో కూర్చుని చేసే వంట నిలబడి చేసే వంటగా మారింది. మన దగ్గర ఇది ఎవరూ పెద్దగా చర్చించకుండానే జరిగింది. జర్మనీలో మాత్రం దీనికి ఒక లెక్క వేశారు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికుల కోసం కట్టిన ఇళ్లకు మార్గరెటె షుటె లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న వంటిల్లు గీసింది. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ వస్తువుకు ఎంత చేయి చాపుతుంది అని లెక్క కట్టి గీసిన గది అది. సుమారు పదివేల ఇళ్లలో కట్టారు. ఇవాళ మనం మాడ్యులర్ అంటున్న వంటింటికి మూలం అదేనని చెబుతారు. అది పుట్టింది ధనవంతుల కోసం కాదు, ఇరుకు జాగాలో తక్కువ ఖర్చుతో శ్రమ తగ్గించడం కోసం. మనకు చేరేసరికి శ్రమ లెక్క వెనకబడిపోయింది, అరల మెరుపు మిగిలింది.

కొల్లేటి దగ్గర ఈ మెరుపు చేపల చెరువుల వెంట వచ్చింది. 1976లో మత్స్యకారుల సహకార సంఘాలకు కొల్లేటి భూములు చెరువుల కోసం ఇవ్వడంతో మొదలైన సాగు 1980లు, 90లలో సంఘాల చేతుల్లోంచి దాటి విపరీతంగా పెరిగింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో అందులోని చెరువులను పెద్దఎత్తున కొట్టేశారు. ఆ కథ మంచిచెడ్డలు వేరే వ్యాసం. వంటింటి వరకు జరిగిందిది: శ్లాబు ఇళ్లు లేచాయి, పెరడు చెరువు గట్టుకో కారు షెడ్డుకో పోయింది, ఊరి నడిబొడ్డున పట్నపు వంటిల్లు దిగింది. చేపల ఊరి వంటింట్లో చేప కడిగే చోటు లేకుండా పోయింది. కొరమేను జారిపోకుండా బూడిద పట్టించి, గరుకు రాయి మీద రుద్ది పొలుసు తీసి, కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు కోయడం పెరట్లో చేసే పని. దాన్ని అడుగున్నర సింకులో చేయాలంటే పొలుసు గొట్టంలో ఇరుక్కుంటుంది, నీచు వాసన వంటగదిలోనే ఉంటుంది. ఫలితంగా చాలా ఇళ్లలో అందమైన వంటిల్లు లోపల, అసలు వంట వెనక రేకుల పంచలో. రెండో చోట కిటికీ లేదు, కుళాయి సరిగా లేదు, వెలుతురు లేదు. ఆ ఇంట్లో ఖర్చంతా వండని గదికి వెళ్లింది.

గ్యాసు వచ్చాక నిప్పు సమస్య తీరిపోయింది, ఇక బీరువాలు కాక ఇంకేం చూడాలి అన్నది ఇప్పుడు వినిపించే గట్టి అభ్యంతరం. గ్యాసు చేసిన మేలు తక్కువది కాదు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి, నిజామాబాదు, వరంగల్లు జిల్లాల్లో 420 పల్లె ఇళ్లలో గాలిలో సన్నని ధూళిని కొలిచిన అధ్యయనం 2004లో అచ్చయింది. గ్యాసు వాడే ఇళ్లలో 24 గంటల సగటు ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో అది 732 దాకా వెళ్లింది. ఆ పొయ్యిలున్న ఇళ్లలో వండే ఆడవాళ్లు పీల్చింది సగటున 442, అదే ఇంటి మగవాళ్లు పీల్చింది 204. ఒకే కప్పు కింద ఒకే కుటుంబానికి రెండు రకాల గాలి. ఇంటిలోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి గ్యాసు చాలదనే మాట గ్యాసు వద్దనే మాట కాదు. అయితే అదే అధ్యయనం ఇంధనంతో పాటు వంటగది తీరు కూడా ధూళిని పెంచడంలో, తగ్గించడంలో పాలు పంచుకుంటుందని తేల్చింది. పైగా కనెక్షన్ ఉన్న ఇల్లల్లా గ్యాసు మీదే వండుతోందని అనుకోకూడదు. దీపం తొలి ఏళ్లలోనే సిలిండరు మళ్లీ నింపించే డబ్బు లేక చాలామంది పాత పొయ్యిని వదల్లేదని తేలింది. 2024లో ఏటా మూడు సిలిండర్లు ఉచితమన్న పథకం తేవాల్సి వచ్చిందంటేనే ఆ భారం ఇంకా ఉందని అర్థం. స్నానాల నీళ్లకు, పశువుల కుడితికి, పండగ వంటకు పెరటి పొయ్యి ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. ఇక మూసిన గదిలో ఎండుమిరపకాయల తాలింపు ఘాటుకు, చేపల వేపుడు ఆవిరికి గ్యాసు స్టవ్ ఏ పరిష్కారమూ చూపదు.

అందువల్ల లెక్క ఎలా వేసుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. చేతిలో పాతికవేలే ఉంటే బీరువా మాటే ఎత్తకుండా గాలికీ నీళ్లకూ పెట్టాలి. స్టవ్‌కు ఎదురుగానో పైనో పొగ లాగే ఫ్యాను, ఎదురు గోడకు గాలి లోపలికి వచ్చే కిటికీ, నేలకు తూము వైపు వాలు. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేలబారున పరుచుకుంటుంది. కనుక గోడ అడుగున కూడా ఒక జాలీ ఉండాలి. పై గవాక్షం మీదే ఆధారపడటం కట్టెల పొయ్యి కాలపు అలవాటు. ఇంకొంచెం ఉంటే గట్టు. మేస్త్రీ తన అలవాటు ఎత్తున కట్టేస్తాడు. కూరలు తరిగే చోట అది వండే మనిషి మోచేతికి బెత్తెడు కిందుగా ఉండాలి. స్టవ్ సొంత ఎత్తు కలుస్తుంది కాబట్టి స్టవ్ పెట్టే భాగం ఇంకా పల్లంగా ఉండాలి. అత్త, కోడలు ఎత్తులో తేడా ఉంటే ఎక్కువసేపు నిలబడేవాళ్ల కొలతే కొలత. నిలబడలేని వయసు వచ్చినవాళ్లకు కూర్చుని కోసుకునే చోటు ఒకటి గోడవారన ఉంచడం ఖర్చులేని పని. డబ్బు బాగా ఉన్నవాళ్లు దాన్ని ముందుగా పెరట్లో పెట్టాలని నా సలహా. కప్పు, కుళాయి, గరుకు నాపరాయి, వెడల్పు తూము, మంచి దీపం ఉన్న కడిగే చోటు. చేప తినే ఇంటికి ఇది విలాసం కాదు.

చెక్క పని అంతా అయ్యాక ఆఖర్న రావాలి. ఈ నేల తేమకు దాన్ని ఎంచుకునే తీరు కూడా వేరు. పొడి ఊళ్లలో కొన్నేళ్లు నిలిచే పార్టికల్ బోర్డు ఇక్కడి గోడల చెమ్మకు త్వరగా ఉబ్బుతుంది. ముప్పై, నలభై ఏళ్ల నాటి డాబాల్లో గోడలోకి దూర్చి కట్టిన కడప బండల అరలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయంటే, వాటిని పగలగొట్టి బోర్డు పెట్టించడంలో తెలివి కనిపించదు. ఆ బండలకే తలుపులు పెట్టించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. తేమతో పాటు వరద సంగతీ చూసుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు పెనుమాకలంక లాంటి ఊళ్లకు దారులు మునిగాయి. అలాంటి పల్లపు ఊళ్లలో వంటిల్లు గీసేవాళ్లు కింది అరలు కడిగితే పోయే రాతివిగా, తూము మూత బయటి నుంచి నీళ్లు ఎగదన్నకుండా బిగించుకునేదిగా, సిలిండరు ఎత్తైన దిమ్మ మీద గొలుసుతో కట్టుకునే వీలుతో, ప్లగ్గు పాయింట్లు గట్టుకు పైనే ఉండేలా చూసుకోవాలి. ఫ్రిజ్, గ్రైండరు పాయింట్లు నేలకు జానెడు ఎత్తున పెట్టడం ఎలక్ట్రీషియన్‌కు సులువు. నడుము ఎత్తున పెట్టించడానికి అదనంగా పట్టేది రెండు గజాల వైరు.